ఆదివారం పుస్తకం మనింటికెలా వచ్చింది?

ఆదివారం పొద్దున్న పేపరబ్బాయి గేటులోంచి విసిరిన కట్టని మీ ఇంట్లో ఎలా పంచుకుంటారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. పెద్ద పేపరు మామగారిది. ఆయన చదివాక మీ వారిది. ఆటల పేజీ మరిదిది, సినిమా పేజీ పిల్లలది. జిల్లా పేపరు వీధి అరుగుమీద కూర్చున్న వాళ్లందరిదీ. ఇంక మధ్యలోంచి జారిపడుతుందే, పిన్నులు కొట్టిన చిన్న పుస్తకం, అది మనది!

మనదే కానీ మన చేతికి వచ్చేది అందరికన్నా ఆఖర్న. కాఫీలు, టిఫిన్లు, తలంట్లు, ఆదివారం స్పెషల్ వంట, అంట్లు... అన్నీ అయ్యాక మధ్యాహ్నం రెండింటికి చాప మీద నడుం వాల్చి చూస్తే అప్పటికే పదకేళి ఎవరో సగం నింపేసి ఉంటారు. అట్ట మీద టీ గ్లాసు ముద్ర ఉంటుంది. అయినా సరే, ఆ అరగంట మనది. అవునా, కాదా?

ఈ వారం వంటింటి కబుర్లు కాస్త పక్కన పెట్టి ఈ ఆదివారం పుస్తకం కథ చెప్పుకుందాం. ఎందుకంటే మా కె. కోటపాడులో దీని మీద ఓ పెద్ద చర్చే జరిగింది.

మా వీధి చివర ఒక అప్ప ఉంది. మా వైపు అక్కని అప్ప అంటాం లెండి. అరవై దాటాయి. ఆవిడ ఇంట్లో అటక మీద ఓ రేకు పెట్టె నిండా ఆదివారం పుస్తకాలూ, వాటిలోంచి కత్తిరించిన కాగితాలూ ఉన్నాయి. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు పండక్కి వచ్చి ఇంటికి సున్నాలు, రంగులు వేయిస్తూ పెట్టె కిందకి దింపాడు. "అమ్మా, ఇవన్నీ ఇప్పుడు ఫోన్లో దొరుకుతాయి. పాత పేపర్ల వాడికి ఇచ్చేద్దాం" అన్నాడు. అప్ప మా ఇంటికి వచ్చి కూర్చుంది.

"గుంటడు అమ్మీమంటన్నాడు. ఉంచితే ఏటి, తీసేస్తే ఏటి? నువ్వు రాస్తావు కదా, నువ్వే సెప్పు సెల్లీ."

జవాబు చెప్పేముందు అసలీ పుస్తకం ఎక్కడ పుట్టిందో, మన దాకా ఎలా వచ్చిందో తెలుసుకోవాలి కదా. మీరూ వినండి. మీ ఇంటి అటక మీదా ఇలాంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది.

అసలు ఆదివారమే ఎందుకు?

మన పల్లెల్లో వారానికి ఓ రోజు అంటే సంత రోజే. ఆదివారం సెలవు అనేది ఆఫీసులతో, మిల్లులతో వచ్చింది. బొంబాయి బట్టల మిల్లుల్లో కూలీలకి వారానికి ఒక రోజు విశ్రాంతి కావాలని నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడితే, 1890 జూన్ 10న ఆదివారం సెలవు ఖాయమైంది. సెలవు ఉన్నవాడికి తీరిక ఉంటుంది, తీరిక ఉన్నవాడు చదువుతాడు. పత్రికల వాళ్లు పట్టుకున్న కిటుకు అదే.

అమెరికాలో ఈ కిటుకు ముందే పట్టేశారు. 1890లలో న్యూయార్కులో జోసెఫ్ పులిట్జర్ నడిపిన 'వరల్డ్' పత్రిక ఆదివారం నాడు రంగుల బొమ్మలతో, హాస్యపు బొమ్మల కథలతో అదనపు పేజీలు వేసి జనాన్ని ఎగబడేలా చేసింది. 'న్యూయార్క్ టైమ్స్' 1896 సెప్టెంబరులో తన ఆదివారం మేగజైను మొదలుపెట్టింది. లండన్లో 'సండే టైమ్స్' వాళ్లు 1962 ఫిబ్రవరి 4న రంగుల అనుబంధం తెచ్చారు. అది చూసి తక్కిన ఇంగ్లీషు పత్రికలూ అదే దారి పట్టాయి.

మన దేశంలో 'టైమ్స్ ఆఫ్ ఇండియా' వారపు సంచికగా 1880లో మొదలైనదే తర్వాత 'ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా' అయింది. పెద్ద పెద్ద ఫోటోలతో, పెళ్లి జంటల బొమ్మలతో ఆఫీసర్ల ఇళ్లలో టీపాయ్ మీద ఉండేది. 1993లో ఆగిపోయింది.

ఇక్కడొక మాట గమనించండి. ఆదివారం సెలవు మిల్లు కార్మికుడికి వచ్చింది, గుమాస్తాకి వచ్చింది, మాస్టారికి వచ్చింది. ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడే మనిషికి మాత్రం రాలేదు. ఆ రోజు పని రెండింతలు. అలాంటి మనిషి కోసమే ఆదివారం పేజీల్లో సగం నింపుతారు. ఈ చమత్కారం చూశారా?

మనవాళ్ల దారి వేరు

తెలుగులో ఈ కథ తిరగేసి నడిచింది. అమెరికాలో దినపత్రిక ముందు, వారపు అనుబంధం వెనక. మనకి వారపత్రికే ముందు! కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో బొంబాయిలో 'ఆంధ్రపత్రిక'ని వారపత్రికగానే పెట్టారు. అమృతాంజనం అమ్మిన డబ్బుతో పత్రిక నడిపారు. తలనొప్పి మందు తెలుగు అక్షరానికి అన్నం పెట్టిందన్నమాట. 1914లో మద్రాసు చేరాకే అది దినపత్రిక అయింది. ఉగాదికి వేసే పెద్ద సంచికలు ఇళ్లలో పుస్తకాల్లా దాచుకునేవారు.

ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా పత్రిక అనే ఆలోచన అంతకన్నా పాతది. వీరేశలింగం పంతులు గారి 'సతీహితబోధిని' 1883 నాటిది. 1902లో 'హిందూసుందరి' వచ్చింది. ఆడవాళ్లే సంపాదకులై దాన్ని నడిపిన రోజులూ ఉన్నాయి. 1928లో మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరి గారు 'గృహలక్ష్మి' పెట్టి, రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చే సంప్రదాయం కూడా మొదలుపెట్టారు. రాసే ఆడదానికి బంగారు కంకణం! ఆ రోజుల్లో ఎంత మంది అమ్మమ్మలు ఆ మాట విని మురిసిపోయి ఉంటారో.

తర్వాత 1938లో 'ఆంధ్రప్రభ', 1960లో 'ఆంధ్రజ్యోతి' దినపత్రికలుగా వచ్చాయి. రెండింటికీ సచిత్ర వారపత్రికలు తోడయ్యాయి. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారు 1952లో 'ప్రమదావనం' మొదలుపెట్టి నలభై ఏళ్లకు పైగా నడిపారు. వంట అడిగితే వంట, ఆరోగ్యం అడిగితే ఆరోగ్యం, మొగుడితో గొడవ అడిగితే దానికీ జవాబు. ఒక్క మనిషి రాసిన ఒక్క శీర్షికని అమ్మ, కూతురు, మనవరాలు మూడు తరాల వాళ్లు చదివారు. ఆవిడ వంటల పుస్తకం ఎన్ని ముద్రణలు పొందిందో లెక్కే లేదు. నవలకి సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది, 1992లో 'హృదయనేత్రి'కి. వంటలు రాసే చేయి నవల రాయలేదని ఎవరన్నా అంటే ఆవిడ పేరు చెప్పండి.

ఇంకో చిత్రం వినండి. ఆంధ్రజ్యోతి వారపత్రికలో 'ఇల్లాలి ముచ్చట్లు' అని ఒక శీర్షిక వచ్చేది, పురాణం సీత అనే పేరుతో. అది రాసింది సంపాదకులు పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు! ఇల్లాలి గొంతు పెట్టుకుని మగాయన రాస్తే, ఇల్లాళ్లందరూ "అచ్చం మన ఇల్లే" అనుకుని చదివారు. బాగా రాశారు, కాదనం. కానీ మన ముచ్చట్లు మనమే రాసుకునే చోటు కోసం మనం ఎంతకాలం కాచుకున్నామో కూడా ఆ పేరు చెబుతుంది.

ఈ వారపత్రికలన్నింటికీ విడిగా ధర ఉండేది. అందుకే ఒక వీధిలో ఒకరు కొంటే నాలుగిళ్లు తిరిగేది. సీరియలు పేజీలు చింపి, ఏడాది చివర సూదీ దారంతో కుట్టి 'నవల' చేసుకునేవాళ్లు. ఎవరింటి నుంచి తెచ్చుకున్న పుస్తకంలో ఎవరు పేజీ చింపారో తేలక మాటలు మానేసుకున్న వదినా మరదళ్లూ ఉన్నారు.

ఆదివారం పుస్తకం అలా కాదు. పేపరుతో పాటే వస్తుంది. దానికి వేరే డబ్బు అడగక్కర్లేదు. పేపరు వేయించుకునేది మగవాళ్ల కోసమే అయినా మనకంటూ ఒక భాగం ఉచితంగా ఇంట్లోకి వచ్చింది. ఈ తేడా చిన్నది కాదండీ. చేతిలో సొంత డబ్బు లేని ఆడవాళ్లకి ఇదే మొదటి సొంత పత్రిక.

కాగితానికి కొలత

మరి 1950, 60లలోనే దినపత్రికలన్నీ ఇలాంటి పుస్తకాలు ఎందుకు వేయలేదు? వేయనివ్వలేదు కాబట్టి! రేషను కార్డు మీద పంచదారకి కొలత ఉన్నట్టే పత్రికలకి కాగితం మీద కొలత ఉండేది.

1956లో కేంద్రం ఒక చట్టం చేసింది. దాని కింద 1960లో వచ్చిన ఉత్తర్వు ఏమందంటే, ఇంత ధరకి ఇన్ని పేజీలే వేయాలి, అనుబంధాలు ఇన్నే వేయాలి అని. పెద్ద పత్రికలు ఎక్కువ పేజీలిచ్చి చిన్న పత్రికల్ని మింగేయకుండా ఉండాలని వాళ్ల ఉద్దేశం. పూనాకి చెందిన 'సకాళ్' అనే మరాఠీ పత్రిక కోర్టుకెళ్లింది. 1961లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదని కొట్టేసింది. ఎన్ని పేజీలు వేయాలో, ఎంతమందికి అమ్మాలో చెప్పడమంటే మాట్లాడే స్వేచ్ఛని కొలవడమే అంది. మనం కునుకు తీస్తూ చదివే ఆదివారం పుస్తకం వెనక ఇంత పెద్ద కేసు ఉందని నేనూ ఈమధ్య చదివే దాకా అనుకోలేదు.

పదేళ్లకి మళ్లీ కాగితం కరువు. ఏ దినపత్రికా పది పేజీలు మించకూడదన్నారు. 1972లో బెనెట్ కోల్మన్ కేసులో సుప్రీంకోర్టు అదీ కొట్టేసింది. అయినా విదేశాల నుంచి వచ్చే కాగితం మీద ఆంక్షలు పూర్తిగా పోలేదు. 1980లలో ఆఫ్‌సెట్ ముద్రణ వ్యాపించి రంగుల బొమ్మలు చవకయ్యాయి. 1990ల సరళీకరణతో కాగితమూ వచ్చింది, చీరల కొట్లు, సబ్బుల కంపెనీల ప్రకటనలూ వచ్చాయి. అప్పుడు కానీ ఆదివారం పుస్తకానికి ఒళ్లు రాలేదు.

మన వైపు తెల్లవారిన రోజు

ఉత్తరాంధ్ర వాళ్లకి ఒక తేదీ మరీ ముఖ్యం. 1974 ఆగస్టు 10. ఆ రోజు విశాఖపట్నంలో 'ఈనాడు' మొదలైంది. అప్పటిదాకా విజయవాడలో అచ్చయిన తెలుగు పేపర్లు రైలెక్కి విశాఖ చేరేసరికి బాగా పొద్దెక్కిపోయేది. ఇక అక్కడినుంచి పల్లెలకి బస్సు మీద ఎప్పుడు వస్తాయో ఆలోచించండి. నిన్నటి వార్త, రేపటి పొట్లం. అలాంటిది మన ఊళ్లోనే అచ్చయి తెల్లారేసరికి గుమ్మంలో పేపరు పడడం అనేది విశాఖ జనానికి కొత్త. ఆ కొత్త మెల్లిగా సబ్బవరం, చోడవరం, కె. కోటపాడు దాకా పాకింది.

1989లో జిల్లా పేపర్లు వచ్చాయి. మండలంలో జరిగింది కూడా అచ్చులో కనిపించడం మొదలైంది. 1990ల మొదట్లో రోజూ ఆడవాళ్ల కోసం ఒక పేజీ ఇవ్వడం మొదలైంది. ఆదివారం పుస్తకం పోటీకి దిగింది. ఒక పత్రిక కథల పోటీ పెడితే ఇంకొకటి నవలల పోటీ. ఒకరు ముగ్గులిస్తే ఇంకొకరు స్వెట్టర్ల అల్లికలు. మా ఊళ్లో స్వెట్టరు ఎవరు వేసుకుంటారండీ? అయినా శ్రద్ధగా కత్తిరించి దాచుకున్నారు!

ఇంతలో టీవీ కూడా వచ్చింది. 1987 జనవరి నుంచి ఆదివారం పొద్దున్న 'రామాయణం', తర్వాత 'మహాభారతం'. టీవీ ఉన్న ఇంటి ముందు చెప్పుల గుట్ట. ఆ గంట అయ్యాకే పుస్తకం. పాపం, పుస్తకం ఓపిగ్గా కాచుకుంది.

ఇప్పుడు అసలు మాట. ఆ రోజుల్లోనే ఊరూరా రాత్రి బడులు నడిచాయి. నెల్లూరు జిల్లాలో 1991లో సాక్షరతా ఉద్యమం మొదలైతే, వాచకంలో సారా మీద పోరాడిన సీతమ్మ కథ అనే పాఠం చదివి దూబగుంట ఆడవాళ్లు నిజంగానే సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించింది. అక్షరం నేర్చుకున్న ఆడది ఏం చేయగలదో అప్పుడు రాష్ట్రం చూసింది.

మా అప్ప కూడా ఆ రోజుల్లోనే, ఇద్దరు పిల్లల తల్లయ్యాక, లాంతరు కింద కూర్చుని అక్షరాలు దిద్దింది. వాచకం నెల రోజుల్లో అయిపోయింది. తర్వాత చదవడానికి ఏముంది? పెద్ద పేపర్లో అక్షరాలు చిన్నవి, మాటలు పెద్దవి. 'అవిశ్వాస తీర్మానం' దగ్గరే ఆగిపోయేది. ఆదివారం పుస్తకంలో వంటల పేజీ చూస్తే 'బియ్యం', 'బెల్లం', 'నెయ్యి', 'ఉప్పు తగినంత'. అన్నీ తెలిసిన మాటలే! తెలిసిన వస్తువు పేరు అక్షరాల్లో కనబడితే చదవడం దానంతటదే వస్తుంది. ఆవిడ అలా చదువుకుంది. వంటల పేజీ నుంచి చిట్కాలకి, చిట్కాల నుంచి డాక్టరు సలహాలకి, అక్కణ్నుంచి కథలకి వెళ్లింది. రాత్రి బడి మూతపడినా ఆదివారం బడి మూతపడలేదు.

కాబట్టి ఎవరన్నా "ఏముందిలే, వంటలూ ముగ్గులూ" అని చప్పరిస్తే తొందరపడి తలూపకండి.

ఆ పేజీలు ఎవరి కోసం?

అలాగని అంతా గొప్పే అనుకోకూడదు. పేపరు మీద వేసిన ధర కాగితం ఖర్చుకే చాలదు. తక్కిందంతా ప్రకటనల మీద రావాలి. చీర కొనేది, సబ్బు కొనేది, కుక్కరు కొనేది ఎవరు? మనం. అందుకని మన కోసం పేజీలు. మన మీద ప్రేమతో పాటు మన పర్సు మీదా కన్నుందన్నమాట. ఒక పేజీలో 'రంగు ముఖ్యం కాదు, ఆత్మవిశ్వాసం ముఖ్యం' అని వ్యాసం, ఎదుటి పేజీలో వారం రోజుల్లో తెల్లబరిచే క్రీము. ఎన్నిసార్లు చూడలేదు!

వంటలూ అంతే. మా ఊళ్లో కాప్సికమ్ మొహం ఎవరూ చూడని రోజుల్లో 'పనీరు కాప్సికమ్', ఓవెన్ లేని ఇళ్లకి '180 డిగ్రీల దగ్గర నలభై నిమిషాలు'. మనవాళ్లేమన్నా తక్కువ తిన్నారా? మందపాటి గిన్నెలో ఇసుక పోసి, దాని మీద పళ్లెం పెట్టి, మూత బిగించి, సన్నటి సెగ మీద కేకు దింపేశారు. పనీరు లేకపోతే విరిగిన పాలు మూటకట్టారు. ఆ పేజీలని మన ఊరికి మనమే తర్జుమా చేసుకున్నాం.

ఈ పుస్తకం ఎలా తయారవుతుందో తెలుసా? ఆదివారం నాటిది కదా, శనివారం రాత్రి అచ్చేస్తారనుకుంటాం. కాదు. రోజూ వార్తలు అచ్చేసే యంత్రాలకి ఖాళీ చూసుకుని ముందే ముద్రించేస్తారు. కట్టలు ఏజెంటు దగ్గరికి ముందుగా వచ్చేస్తాయి. ఆదివారం చీకటితో పేపరబ్బాయిలు బస్టాండు అరుగు మీద కూర్చుని ఒక్కో పేపర్లో ఒక్కో పుస్తకం చేత్తో దోపుతారు. సంక్రాంతి వంటలు రాసేవాళ్లు నెల ముందే అరిసెల గురించి ఆలోచించాలి. ఎవరైనా దోపడం మర్చిపోతే ఆ ఇంట్లో ఆ ఆదివారం ఇల్లాలి ముఖం చూడాలి.

పలచబడుతున్న పుస్తకం

పత్రికలకీ ఆయుష్షు ఉంటుంది. 'ఆంధ్రపత్రిక' 1991లో ఆగిపోయింది. 1984 చివర్లో వచ్చిన 'ఉదయం' 1995లో మూతపడింది. 'ఆంధ్రజ్యోతి' 2000లో ఆగి 2002లో మళ్లీ లేచింది. 2008లో 'సాక్షి' రంగుల పేజీలతో, ఆదివారానికి 'ఫన్‌డే'తో వచ్చింది. మళ్లీ పోటీ, మళ్లీ ఒళ్లు.

2020లో కరోనా వచ్చింది. పేపరు ముట్టుకుంటే అంటుకుంటుందేమోనని జనం వేయించుకోవడం మానేశారు, ప్రకటనలు ఆగిపోయాయి. పత్రికలన్నీ పేజీలు తగ్గించాయి. విడిగా వచ్చే అనుబంధాలు కొన్ని ఆగాయి, కొన్ని పెద్ద పేపర్లోనే ఒకటి రెండు పేజీలుగా సర్దుకున్నాయి. ఆ తర్వాత కూడా చాలా ఇళ్లు పేపరు మొహం చూడలేదు. వంట కావాలంటే వీడియో, జాతకం కావాలంటే వీడియో, ముగ్గు కావాలంటే వీడియో. 2022 ఏప్రిల్ 4న మా కె. కోటపాడు విశాఖపట్నం జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేపరు మీద పేరు మారింది కానీ, దాన్ని వేయించుకునే ఇళ్లు మా వీధిలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి.

వీడియో చెడ్డదని అననండీ. చేయి ఎలా తిప్పాలో కళ్లకి చూపిస్తుంది. కానీ వీడియో పక్కన మీరు పెన్నుతో రాసుకోలేరు. అప్ప పెట్టె విప్పి చూస్తే నాకు తెలిసిందదే. పాకుండల కాగితం ఒకటి ఉంది. కేజీ బియ్యానికి కేజీ బెల్లం అని అచ్చులో ఉంది. పక్కన వంకర అక్షరాలతో 'ముప్పాతికే సాలు, కొత్త బెల్లం పాకం బేగి వస్తాది, సూసుకో' అని ఉంది. అనకాపల్లి బెల్లం తిన్న చేయి రాసిన సవరణ అది. ఇంకో కాగితం మీద ముగ్గు పక్కన చుక్కల లెక్క, దాని కింద పాల బాకీ. మరో దాని మీద 'పాపకి జొరం' అని తారీఖు వేసి ఉంది. డాక్టరు సలహాల పేజీ అది.

అచ్చయిన పేజీ పత్రిక ఆఫీసులో ఉండొచ్చు. ప్రెస్ అకాడమీ వాళ్లు చాలా పాత తెలుగు పత్రికల్ని స్కాన్ చేయించారు. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు నూరేళ్ల నాటి పత్రికల్ని భద్రం చేశాయి. కానీ ఆ పక్క రాత? అది ప్రపంచం మొత్తం మీద ఒక్క రేకు పెట్టెలోనే ఉంది. మన ఇళ్లలో మగవాళ్లకి దస్తావేజులున్నాయి, పద్దు పుస్తకాలున్నాయి. ఆడవాళ్ల చేతిరాత అసలు ఎక్కడుంది? ఇదిగో, ఇక్కడుంది.

ఉంచాలా? అమ్మాలా?

అప్పకి నేను చెప్పింది, మీకూ పనికొస్తుంది:

1. మొత్తం ఉంచక్కర్లేదు, మొత్తం అమ్మక్కర్లేదు. మూడు గుట్టలు చేయండి. మీ చేతిరాత ఉన్నవి, కత్తిరించి దాచుకున్నవి, ఊరికే పేరుకున్నవి. మూడో గుట్ట నిక్షేపంగా అమ్మేయొచ్చు. మొదటి గుట్టలో ఒక్క కాగితం కూడా పోనివ్వకండి.

2. పేపరు కాగితం చవక గుజ్జుతో చేస్తారు. వెలుతురు, గాలి తగిలే కొద్దీ పసుపురంగుకి తిరిగి పెళుసెక్కుతుంది. కిటికీ దగ్గర, వంటింటి అటక మీద పెట్టకండి. చీకటిగా, పొడిగా ఉన్న చోట పెట్టండి. మడతపెట్టకుండా చాపి ఉంచండి. మడత దగ్గరే ముందు విరుగుతుంది.

3. తుప్పు పట్టిన పిన్నులు జాగ్రత్తగా తీసేయండి. చిరిగిన చోట సెల్లోటేపు అంటించకండి. కొన్నేళ్లకి జిగురు గోధుమరంగు మరకై అక్షరాలు తినేస్తుంది. మైదా జిగురుతో నోటుబుక్కులో అంటిస్తే పురుగుల్ని విందుకి పిలిచినట్టే. విడివిడిగా తెల్ల కాగితాల మధ్య పెట్టి కవర్లో ఉంచండి.

4. పెట్టె నేల మీద పెట్టకుండా రెండు ఇటుకల మీద ఎత్తుగా పెట్టండి. చెదల భయం తగ్గుతుంది. బాగా ఎండిన వేపాకు పల్చటి గుడ్డలో మూటకట్టి మూలల్లో ఉంచండి. పచ్చి ఆకు వేస్తే చెమ్మ చేరుతుంది. వానాకాలం వెళ్లాక ఒకసారి తీసి నీడలో గాలికి ఆరబెట్టండి. ఎండలో మాత్రం వద్దు.

5. కత్తిరించేటప్పుడు పత్రిక పేరు, తేదీ పక్కన రాయండి. తారీఖు లేని కాగితం పేరు రాయని పచ్చడి జాడీ లాంటిది.

6. ఫోన్లో అన్నీ దొరుకుతాయి అనే కొడుక్కి ఒక పని చెప్పండి. పొద్దున్న పూట కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఒక్కో కాగితం ఫోటో తీసిపెట్టమనండి. ముఖ్యమైనవి మంచి కాగితం మీద జెరాక్స్ తీయిస్తే ఇంకా మేలు. అక్కచెల్లెళ్లందరికీ తలా ఒక ప్రతి ఇవ్వొచ్చు.

అమ్మగా మిగిలిన పాత పేపర్ల గురించి ఒక హెచ్చరిక. వేడి బజ్జీలు, గారెలు పేపరు మీద వేసి నూనె పీల్చే అలవాటు మనందరికీ ఉంది. ఇక మానేద్దాం. అచ్చు సిరాలోని రసాయనాలు వేడి నూనెతో కలిసి తిండిలోకి దిగుతాయి. దేశపు ఆహార భద్రతా సంస్థ 2016లోనే దీని మీద హెచ్చరిక చేసింది. 2018లో చేసిన ప్యాకింగ్ నిబంధనల్లో తినే పదార్థాలు పేపర్లో చుట్టడాన్ని, పేపరు మీద పెట్టడాన్ని నిషేధించింది. మనకి అడ్డాకులు లేవా, అరిటాకులు లేవా? గారెలు చిల్లుల గరిటెలో ఒక నిమిషం ఆపితే చాలు, నూనె కారిపోతుంది. పాత పేపరు అద్దాలు తుడవడానికి, అలమర అరల్లో పరవడానికి బాగా పనికొస్తుంది. తిండికి మాత్రం వద్దు.

అన్నట్టు, మీ అందరికీ ఒక పని. మీ పెట్టెల్లో, పుస్తకాల మధ్య, దేవుడి అలమరలో దాచుకున్న కత్తిరింపుల్లో పక్కన మీ అమ్మగారిదో, అత్తగారిదో, మీదో చేతిరాత ఉన్న వంట ఒకటి వెతకండి. అచ్చులో ఏముందో, పక్కన ఏం రాసి ఉందో, ఎందుకు మార్చారో మాకు రాసి పంపండి. మీ ఊరి పేరు తప్పకుండా రాయండి. ఒరిజినల్ పంపకండి, అది మీ దగ్గరే ఉండాలి. మంచివి ఏరి వంటల పేజీలో వేద్దాం. అచ్చు పైన, సవరణ కింద కాదు సుమండీ, సవరణే పైన!